ఆరు వేళ్ళ నార్వే కుక్క 'లుండెహుండ్' గురించి తెలిసినవారు చెప్పగలరా?

ప్రశ్న: నయీంనగర్ వాసి, హన్మకొండ

అందరికీ నమస్కారం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి రెండేళ్ళుగా చిన్న కుక్కపిల్ల కావాలని అడుగుతోంది. పోయిన ఆదివారం తెలిసినవారు చెబితే, ఇంట్లోనే కుక్కపిల్లలను ఉంచి అమ్మే ఒకాయన దగ్గరికి వెళ్ళాము. తుప్పురంగు ఒళ్ళు, గొంతు కింద తెల్లని మచ్చ ఉన్న నలభై ఐదు రోజుల పిల్లను ఆయన మా అమ్మాయి ఒళ్ళో పెట్టి, అది 'లుండెహుండ్' అనే నార్వే దేశపు జాతి అనీ, ప్రపంచం మొత్తం మీద కొద్ది వందలే ఉన్నాయనీ చెప్పాడు. నాకు నమ్మకం కలగడం లేదని గ్రహించి, పిల్ల వెనక కాలును పట్టుకొని, లోపలి వైపు పాదానికి కాస్త పైన వేలాడుతున్న ఒక చిన్న వేలును చూపించి, "చూడండి సార్, ఆరు వేళ్ళు, ఇంకే కుక్కకూ ఉండవు" అన్నాడు. ధర ఎనభై వేలు, ముందుగా పది వేలు ఇస్తే పిల్లను ఆపి ఉంచుతానన్నాడు.

ఇంటికి వచ్చి వెతికితే ఆ పేరుతో ఒక జాతి నిజంగానే ఉందని తెలిసింది కానీ, తెలుగులో వివరంగా ఎక్కడా కనబడలేదు. ఈ కుక్క ఎక్కడ పుట్టింది, పెరిగాక ఎలా ఉంటుంది, పిల్లలతో ఎలా మెలుగుతుంది, మన వరంగల్ ఎండలకు తట్టుకుంటుందా అన్నవి నా సందేహాలు. మాది మొదటి అంతస్తు ఇల్లు, పైన ఖాళీ డాబా ఉంది. డబ్బు కట్టేలోపు తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

సమాధానం: జగిత్యాల ప్రవాసి, ట్రోన్‌హైమ్

నేను జగిత్యాలలో పుట్టి, తొమ్మిదేళ్ళుగా నార్వేలో ఉద్యోగం చేస్తున్నాను. ఈ దేశంలోనే ఈ కుక్క వీధిలో ఎదురుపడేది కాదు. ఇన్నేళ్ళలో నేను దగ్గరగా చూసింది ఒక్కదానినే, అది మా భవనంలో కింది అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ పెంచుకుంటున్న కుక్క. దాని మీద ఆసక్తి పుట్టి, రెండేళ్ళ క్రితం వేసవిలో బోడో రేవు నుంచి ఓడ ఎక్కి, అది పుట్టిన వేరోయ్ దీవికి కూడా వెళ్ళి వచ్చాను. అందువల్ల కాస్త పొడుగ్గా రాస్తున్నాను, విసుగనుకోకండి.

నార్వే భాషలో 'లుండె' అంటే పఫిన్ అనే సముద్రపు పక్షి, 'హుండ్' అంటే కుక్క. (ఇక్కడివాళ్ళ నోట చివరి 'డ్' వినబడదు, 'హున్' అన్నట్టే ఉంటుంది.) పఫిన్ నల్లని వీపు, తెల్లని పొట్ట, రంగురంగుల ముక్కు ఉన్న పక్షి. అది వేసవిలో సముద్రపు ఒడ్డునున్న ఏటవాలు కొండల మీద, గడ్డి కింద మట్టిలో చేతి పొడుగు బొరియలు తవ్వుకొని, రాళ్ళ సందుల్లో దూరి, ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడుతుంది. వేరోయ్, దాని పక్కనున్న రోస్ట్ దీవులు లోఫోటెన్ దీవుల వరుసకు చిట్టచివర, ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఉన్నాయి. అక్కడ మనిషికి తిండి చేపలు, ఈ పక్షులు. ఉప్పేసి నిలవ చేసుకున్న పఫిన్ మాంసం చలికాలానికి ఆధారం, దాని ఈకలు పరుపులకు, అమ్మకానికి పనికివచ్చేవి. మనిషి చెయ్యి పట్టని బొరియలోకి దూరి, పక్షిని ప్రాణంతో నోట కరచుకొని వెనక్కి తెచ్చి యజమాని చేతికి ఇచ్చే పని ఈ కుక్కది. లోఫోటెన్ ప్రాంతపు అధికారిగా ఉన్న ఎరిక్ హాన్సెన్ షొనెబోల్ 1591లో రాసిన వివరణలో వేరోయ్ పక్షుల వేట, దానికి కావలసిన కుక్కల ప్రస్తావన ఉంది. నాలుగు వందల ఏళ్ళకు తక్కువ కాని చరిత్ర అని ధైర్యంగా చెప్పవచ్చు.

ఆ కొండను చూశాక నాకు ఆ కుక్క ఒంటి తీరు అర్థమైంది. తడిసిన నల్లరాయి, దాని మీద జారే పాచి, పైన మోకాలెత్తు గడ్డి, కింద నేరుగా సముద్రం. నేను ఒక చేత్తో గడ్డి పట్టుకొని కూర్చుంటేనే కాళ్ళు వణికాయి. అటువంటి చోట పరుగెత్తాలంటే ఎక్కువ వేళ్ళు కావాలి. బొరియలో బొర్లా పాకుతూ రెండు గోడలకూ కాళ్ళు తన్ని నిలదొక్కుకోవాలంటే ముందరి కాళ్ళు మనం రెండు చేతులు బారచాచినట్టు పక్కలకు చాపగలగాలి. తిరగడానికి చోటు లేని సందులో వెనుతిరగాలంటే తల వెనక్కి వంగి వీపును తాకగలగాలి. మట్టి, నీళ్ళు చెవుల్లో పడకుండా చెవిని మడిచి మూసుకోగలగాలి. ఇవన్నీ ఈ కుక్కకు ఉన్నాయి. మా కింది అంతస్తు పెద్దావిడ సోఫా మీద వెల్లకిలా పడుకున్న తన కుక్క ముందరి కాళ్ళను రెండు వైపులా మెల్లగా విప్పి చూపించినప్పుడు, ఎముక విరుగుతుందేమోనని నేనే కంగారుపడ్డాను. అది మాత్రం కళ్ళు కూడా తెరవలేదు.

ఇంత పనికొచ్చే కుక్క ఎందుకు కనుమరుగైందంటే, 19వ శతాబ్దం నడుమ పఫిన్లను వలలు వేసి పట్టడం మొదలైంది, ఆపైన కుక్కలకు పన్ను పడింది. వల తిండి అడగదు, పన్నూ అడగదు. వేరోయ్ దీవిలో రోడ్డు కూడా లేని మోస్టాడ్ అనే పల్లెలో మాత్రం పాత అలవాటు మిగిలింది. సిగుర్డ్ స్కౌన్ అనే ఆయన 1925లో ఈ కుక్కల గురించి ఒక వ్యాసం రాస్తే, అది చదివిన ఎలియనోర్ క్రిస్టీ అనే ఆమె 1939లో మోస్టాడ్ నుంచి నాలుగు కుక్కలను దక్షిణ నార్వేలోని హామార్‌కు తెప్పించుకొని పెంచింది. 1943లో కుక్కల జాతులను నమోదు చేసే సంఘమైన నార్వే కెన్నెల్ క్లబ్ దీనిని జాతిగా గుర్తించింది. సరిగ్గా ఆ యుద్ధకాలంలోనే డిస్టెంపర్ జబ్బు దీవిలోని కుక్కలను దాదాపు తుడిచిపెట్టింది, మరుసటి ఏడాది క్రిస్టీ ఇంట్లోనూ అదే జబ్బు పడి ఒక్క ముసలి మగకుక్క తప్ప అన్నీ పోయాయి. 1960లలో మరోసారి డిస్టెంపర్ వచ్చింది. మిగిలిన గుప్పెడు కుక్కల నుంచే జాతిని మళ్ళీ నిలబెట్టారు. ఇవాళ ప్రపంచంలో ఉన్న సుమారు పదిహేను వందల లుండెహుండ్‌లన్నీ అయిదారు కుక్కల సంతతే.

కనుక అమ్మినాయన 'అరుదు' అన్నది అబద్ధం కాదు. అయితే ఆ అరుదైన పిల్ల హన్మకొండలో ఒక ఇంటి వరండాలోకి ఎలా వచ్చిందన్నది మొదట అడగవలసిన మాట.

సమాధానం: విశ్రాంత పశువైద్యుడు, పరకాల

పై సోదరుడు చరిత్ర చక్కగా చెప్పారు. నేను రూపం, ఆరోగ్యం గురించి చెబుతాను. పశుసంవర్ధక శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను కానీ లుండెహుండ్‌ను కళ్ళారా చూడలేదు, చదివిందే చెబుతున్నాను. అయితే మీరు చూసిన పిల్ల వంటివి మాత్రం నా చేతుల మీదుగా వందల్లో వెళ్ళాయి.

మామూలు కుక్కకు ముందరి పాదానికి నేలను తాకే వేళ్ళు నాలుగు, లోపలి వైపు కాస్త పైన బొటనవేలు లాంటిది ఒకటి, మొత్తం అయిదు ఉంటాయి. వెనక పాదానికి ఉండేవి నాలుగే. కొన్ని కుక్కలకు వెనక కాలికి కూడా ఆ పై వేలు ఉంటుంది, దానినే మేము 'డ్యూ క్లా' అంటాం. చాలాసార్లు అది ఎముక కూడా సరిగా అతుక్కోక, తోలుకు వేలాడుతూ ఉంటుంది. మన ఊరకుక్కల్లో ఇది తరచూ కనబడుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన బోసెరాన్, గ్రేట్ పైరనీస్ జాతులకు వెనక కాళ్ళకు అటువంటి వేళ్ళు రెండేసి ఉండాలనే నియమమే ఉంది. 'ఇంకే కుక్కకూ ఉండవు' అన్నది అబద్ధమని ఈ ఒక్క ముక్కతోనే తేలిపోతుంది.

లుండెహుండ్ సంగతి వేరు. దానికి నాలుగు పాదాలకూ ఆరేసి వేళ్ళకు తక్కువ ఉండకూడదు. అవి వేలాడేవి కావు, ఎముక, కండరం, నరం ఉండి పనిచేసే వేళ్ళు. ముందరి పాదానికి అయిదు వేళ్ళు, వెనక పాదానికి నాలుగు వేళ్ళు ఒంటి బరువును మోయాలి. ముందరి పాదం అడుగున ఎనిమిది మెత్తలు, వెనక పాదం అడుగున ఏడు మెత్తలు ఉంటాయి. మీరు మళ్ళీ వెళ్ళినప్పుడు పిల్లను వెల్లకిలా పట్టుకొని, ముందుగా ముందరి పాదాలను తిప్పి చూడండి. అమ్మేవారు వెనక కాలు చూపిస్తారు, అసలు లెక్క ముందరి కాలి దగ్గర తేలుతుంది.

ఎదిగిన మగకుక్క భుజం దగ్గర 35 నుంచి 38 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు 7 కిలోల బరువు ఉంటుంది. ఆడది 32 నుంచి 35 సెంటీమీటర్లు, 6 కిలోలు. నక్క మొహంలా కోణంగా ఉండే తల, నిక్కిన చెవులు, పసుపు కలిసిన గోధుమరంగు కళ్ళు, వీపు మీదికి చుట్టుకునే తోక దాని రూపం. పైన గరుకు వెంట్రుకలు, లోపల మెత్తని దట్టమైన వెంట్రుకలు రెండు పొరలుగా ఉంటాయి. ఎరుపు కలిసిన గోధుమరంగు వెంట్రుకల కొసలు నల్లగా ఉండి, వయసు పెరిగేకొద్దీ ఆ నలుపు ఎక్కువవుతుంది. తెలుపు మచ్చలు మామూలే.

ఇక దీని జబ్బు సంగతి కొనేవారు ముందే తెలుసుకోవాలి. కొన్ని కుక్కల నుంచే జాతి మొత్తం రావడం వల్ల దీని పేగుల్లో ఒక దోషం స్థిరపడింది. పేగు గోడలోని లింఫు నాళాలు ఉబ్బి, తిన్న తిండిలోని ప్రోటీను ఒంటికి పట్టకుండా పేగులోకి కారిపోతుంది. ఆగని విరేచనాలు, చిక్కిపోవడం, కాళ్ళవాపు, పొట్టలో నీరు చేరడం దాని లక్షణాలు. కొవ్వు బాగా తక్కువగా ఉండే తిండి, మందులతో అదుపులో ఉంచగలమే గాని పూర్తిగా నయం చేసే వైద్యం లేదు. మనం ప్రేమ కొద్దీ పెట్టే నెయ్యి అన్నం, మటన్ కొవ్వు దానికి విషంతో సమానం.

సమాధానం: గోదావరిఖని మిత్రుడు

ఎండ గురించి ఒక్క మాట. మా క్వార్టర్ల వరుసలో ఒకరు హస్కీ అనే చలిదేశపు జాతి కుక్కను పెంచారు. మా వైపు మే నెలలో 45 డిగ్రీలు వింత కాదు. కూలర్ ముందు నుంచి అది కదిలేది కాదు, కరెంటు పోయిన పూట తడి గోనెసంచి మీద పడుకోబెట్టి ఇంటిల్లిపాదీ విసనకర్రలు పట్టేవారు. చివరికి బెంగళూరులో ఉన్న బంధువులకు ఇచ్చేశారు. రెండు పొరల వెంట్రుకలున్న ఏ కుక్కకైనా మీ డాబా నిప్పుల కొలిమే.

సమాధానం: కాజీపేట పాఠకుడు

నేను ఒక వీడియోలో విన్నదాని ప్రకారం ఇది మంచుయుగానికి ముందు నుంచి మార్పు లేకుండా బతికి వస్తున్న ఆదిమ జాతి, మామూలు కుక్కల కంటే ముందరిది. అటువంటిదానికి చలి తప్ప మరేదీ సరిపడదు కదా? ఇంకొక మాట, కుక్కపిల్ల వెంట కెన్నెల్ క్లబ్ కాగితాలు ఉన్నాయో లేదో అడిగారా? మన దేశపు నిబంధనల ప్రకారం పెంపకందారు నమోదు చేయించుకొని ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. నలభై ఐదు రోజులంటే ఏడు వారాలు కూడా నిండలేదు.

సమాధానం: జగిత్యాల ప్రవాసి, ట్రోన్‌హైమ్

కాజీపేట అన్నా, కాగితాల విషయంలో మీ మాటే సరి. మంచుయుగం కథ మాత్రం నిలబడదు. దీని నోట్లో ఇతర కుక్కలకు ఉండే కొన్ని పళ్ళు లోపించడం చూసి ఒకప్పుడు అటువంటి ఊహ చేశారు. జన్యువులను పరీక్షించినవారు ఇది మిగతా కుక్కల్లో ఒకటేననీ, ఉత్తరదేశపు కుక్కల కుటుంబానిదేననీ తేల్చారు. పోలికలు అంత దగ్గరగా ఉన్నాయి కనుకనే నార్వేలోని లుండెహుండ్ సంఘం వారు పదేళ్ళకు పైగా దీనిని నార్వేకే చెందిన బుహుండ్, ఐస్లాండ్ గొర్రెలకుక్క, స్వీడన్‌కు చెందిన నోర్‌బోటెన్‌స్పెట్స్ జాతులతో జాగ్రత్తగా సంకరం చేసి, డాక్టర్ గారు చెప్పిన పేగుజబ్బు నుంచి జాతిని గట్టెక్కించే ప్రయత్నంలో ఉన్నారు. జాతి స్వచ్ఛత పోతుందని గొణిగేవారు ఇక్కడా ఉన్నారు. స్వచ్ఛంగా ఉంచి చంపుకోవడం కంటే ఇదే నయమని నా అభిప్రాయం.

చలి సంగతి కూడా మనం అనుకున్నట్టు లేదు. అంత ఉత్తరాన ఉన్నా, అట్లాంటిక్ సముద్రపు వెచ్చని ప్రవాహం వల్ల వేరోయ్‌లో జనవరి సగటు కూడా సున్నాకు దిగువకు పోదు, వేసవిలో మన డిసెంబరు తెల్లవారుజాము లాంటి వాతావరణం ఉంటుంది. కనుక అది గడ్డకట్టే చలి అలవాటున్న కుక్క కాదు, వాన, గాలి, తేమ అలవాటున్న కుక్క. ఎలా చూసినా వరంగల్ మే నెల దానికి సరిపడదు.

ప్రశ్న వేసినవారు అడిగిన స్వభావం సంగతి మిగిలిపోయింది. ఇంటివాళ్ళతో అది ఎంతో మెత్తనిది, ఉల్లాసంగా ఆడుతుంది, కరిచే రకం కాదు. కొత్తవాళ్ళను మాత్రం అంత తేలిగ్గా నమ్మదు. పిల్లగా ఉన్నప్పుడే పదిమంది మనుషులను, చప్పుళ్ళను అలవాటు చేయకపోతే పెద్దయ్యాక పిరికిదవుతుంది. పిలిస్తే వినబడుతుంది గాని రావాలో వద్దో తానే ఆలోచించుకుంటుంది. బొరియలో యజమాని కంటికి కనబడని చోట తన తెలివితో పని చక్కబెట్టిన కుక్క మరి. దొరికిన తిండిని దాచిపెట్టే అలవాటు ఉంది. మా పెద్దావిడ ఇంట్లో దిండు గలీబు లోపల ఎండిన చేపముక్క దొరికిందని ఆవిడే చెప్పి నవ్వింది. అన్నిటికంటే కష్టమైనది, ఒంటికీ రెంటికీ బయటికి వెళ్ళాలని నేర్పడం. కొన్నింటికి ఆ అలవాటు జీవితాంతం పూర్తిగా రాదు. ఎక్కడం, తవ్వడం దాని పుట్టుకలోనే ఉన్నాయి కనుక డాబా పిట్టగోడ దానిని ఆపలేదు.

ప్రశ్న వేసినవారు: నయీంనగర్ వాసి, హన్మకొండ

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం అమ్మాయిని వెంటబెట్టుకొని మళ్ళీ వెళ్ళాను. డాక్టర్ గారు చెప్పినట్టే పిల్లను ఒళ్ళో వెల్లకిలా పెట్టుకొని, ముందరి పాదం మెత్తలను బొటనవేలితో మెల్లగా విడదీసి, అమ్మాయి పైకి లెక్కపెట్టింది. ముందర అయిదు. వెనక నాలుగు, వేలాడేదానితో కలిపి అయిదు. ఆరు అన్నది ఎక్కడా రాలేదు. ఆ వేలాడే వేలు ఇటు అంటే ఇటు, అటు అంటే అటు తిరుగుతోంది, లోపల ఎముక తగలలేదు. చెవి మడవడం, మెడ వంచడం లాంటి పరీక్షలు పెట్టి ఆ పసిప్రాణిని ఇబ్బంది పెట్టబుద్ధి కాలేదు. కాగితాలు అడిగితే, తరువాత తెప్పిస్తానన్నాడు. ఎనిమిది వారాల సంగతి ఎత్తేసరికి, "ఇది మిక్స్ లైన్ సార్, మీ కోసం పదిహేను వేలు చేసుకుంటాను" అన్నాడు. ఎనభై వేల నార్వే కుక్క అయిదు నిమిషాల్లో పదిహేను వేలకు దిగింది. నమస్కారం పెట్టి వచ్చేశాము.

దారిలో అమ్మాయి ఏడ్చింది గాని, ఇంటికొచ్చాక తానే ఒక దారి చెప్పింది. మా గల్లీలో కిరాణా కొట్టు అరుగు కింద ఒక ఊరకుక్క నాలుగు పిల్లలను పెట్టి రెండు నెలలు దాటింది. తల్లి పాలు మాన్పించింది, కొట్టువాళ్ళే అన్నం పెడుతున్నారు. అందులో ఒక గోధుమరంగు ఆడపిల్లకు వెనక కాళ్ళకు సరిగ్గా ఇలాంటి వేళ్ళే ఉన్నాయి, మా అమ్మాయి పొద్దున్నే వెళ్ళి చూసి వచ్చింది. దానినే తెచ్చుకుందామని మా ఇంట్లో అనుకుంటున్నాము. డాక్టర్ గారిని ఒకటి అడగాలి: ఆ వేళ్ళను కోయించాలా, అలాగే ఉంచాలా?

సమాధానం: విశ్రాంత పశువైద్యుడు, పరకాల

కోయించవలసిన అవసరం సాధారణంగా ఉండదు. కంచెకో గుడ్డకో తగులుకొని పదేపదే చీరుకుపోతుంటే అప్పుడు ఆలోచించవచ్చు, గర్భసంచి తీయించే ఆపరేషన్ సమయంలోనే ఆ పనీ చేయించుకుంటే మళ్ళీ మత్తు ఇవ్వనక్కరలేదు. అంతవరకు గోరును కనిపెట్టుకొని ఉండండి. ఆ వేలు నేలకు తగలదు కనుక గోరు అరగదు, వంకీ తిరిగి తిరిగి చివరకు తోలులోకే దిగి చీము పడుతుంది. నెలకొకసారి వెంట్రుకలు పక్కకు తీసి చూసి, కొస వరకే కత్తిరించండి. తెల్లగోరైతే లోపల గులాబీరంగు రక్తనాళం కనబడుతుంది, దానికి ముందే ఆగాలి. నల్లగోరైతే కొద్దికొద్దిగా తీయండి.

ఇంకొకటి, పిల్లను ఇంటికి తెచ్చిన వారంలోనే దగ్గరలోని పశువైద్యశాలకు తీసుకెళ్ళి నట్టల మందు తాగించి, టీకాలు మొదలుపెట్టండి. రేబిస్ టీకా ఒక్కటి వేయించి ఊరుకునేవారు ఎక్కువ, అది మూడు నెలలు నిండాక ఎలాగూ వేస్తారు. పలు జబ్బులకు కలిపి ఇచ్చే మొదటి టీకాలో డిస్టెంపర్‌కు కూడా రక్షణ ఉంటుంది, దానిని ఆలస్యం చేయవద్దు. వేరోయ్ దీవి కుక్కలను తుడిచిపెట్టిన జబ్బు అదే, మన గల్లీల్లోనూ ఏటా పిల్లలను తీసుకుపోయేది అదే. మూడు, నాలుగు వారాల ఎడంతో వేసే మోతాదులన్నీ పూర్తయ్యేవరకు మీ అమ్మాయిని ఆ పిల్లను వీధిలోకి తీసుకెళ్ళకుండా డాబా మీదే ఆడించమనండి, అదీ ఎండ దిగాకే.